ప్రార్థన మనవి

ఆగస్టు 27, 2025. బుధవారం, సాయంత్రం

ఆఫీస్ నుంచి రాగానే హెప్సిబా కుక్కర్ తిరిగి ఇచ్చేద్దామని కిందికి దిగాను. తలుపు తీసే ఉంది. లోపలంతా అగరొత్తుల పొగ. వాళ్ళ అత్తగారు కృష్ణకుమారి గారు వినాయకుడి పూజ చేసుకున్నట్టున్నారు. హెప్సిబా సోఫాలో కూర్చుని ఉండ్రాళ్ళు తింటోంది. ఒకటీ రెండూ కాదు, గిన్నెడు. నన్ను చూసి నవ్వింది. కుక్కర్ అక్కడ పెట్టి వచ్చేశాను.

హిందువుల అబ్బాయి లోకేష్‌ని చేసుకుంటానన్నప్పుడు మా చర్చిలో అందరూ పెదవి విరిచారు. ఆమె పక్షాన మాట్లాడింది నేనొక్కదాన్నే. ఇప్పుడు నాలుగో నెల కడుపుతో ఉండి విగ్రహానికి పెట్టింది తింటుందా! నా పరువు తీసింది.

ఆగస్టు 28, పొద్దున 6:40

సరిగ్గా నిద్ర పట్టలేదు. చర్చి వాట్సాప్ గ్రూప్‌లో ప్రార్థన మనవి పెట్టాను. హెప్సిబా సిస్టర్ విశ్వాసంలో జారిపోకుండా అందరూ ప్రార్థించండి అని. ఏం చూశానో కూడా రెండు ముక్కల్లో రాశాను. ప్రేమతోనే రాశాను.

8:15

ఇరవై ఆరు ఆమెన్లు.

సెప్టెంబర్ 6, శనివారం

రేపు మొదటి ఆదివారం, ప్రభువు బల్ల. యేసు జ్ఞాపకంగా అందరం రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు. రొట్టె ఎప్పుడూ నాదే. మైదా, నీళ్ళు, చిటికెడు ఉప్పు. అమెరికా వచ్చాక, ఈ ఇర్వింగ్‌లో పదకొండేళ్ళుగా నేనే చేస్తున్నాను. పిండి కలుపుతున్నంతసేపూ ఎవరితోనూ మాట్లాడను, ఫోన్ ముట్టను. ఇవాళ ముట్టాను. పాస్టర్ గారి కాల్. హెప్సిబాతో మాట్లాడారట. ఈ నెల బల్లలో చేయి వేయవద్దని, రొట్టె ముట్టవద్దని చెప్పారట. ఆమె ఎదురు చెప్పలేదట. మంచిదేగా అన్నాను.

సెప్టెంబర్ 7, ఆదివారం

అమెరికన్ల సర్వీస్ అయ్యాక రెండింటికి మనకి హాల్ ఇస్తారు. వాళ్ళ కాఫీ వాసన ఇంకా పోలేదు. ఆడవాళ్ళందరం తెల్లచీరల్లో ఉన్నాం. హెప్సిబా ఇక రాదనుకున్నాను. వచ్చింది, తెల్లచీరే కట్టుకుని. చివరి వరసలో కూర్చుంది.

రొట్టె పళ్ళెం తన దగ్గరికి వచ్చింది. రెండు చేతులతో పట్టుకుని, తీసుకోకుండా, పక్కావిడకి అందించింది. ద్రాక్షరసం కప్పుల ట్రే కూడా అంతే. తర్వాత తలమీద ముసుగు సర్దుకుంది. ఎవరూ తల తిప్పలేదు. కానీ అందరూ చూశారు.

నేను తీసుకున్నాను. రొట్టె బాగా కుదిరింది.

సెప్టెంబర్ 21

హెప్సిబా ఇవాళా రాలేదు.

అక్టోబర్ 3, శుక్రవారం

బిడ్డ దక్కలేదు. మంగళవారం హాస్పిటల్‌కి తీసుకెళ్ళారట. మూడు రోజులుగా వాళ్ళ నెత్తిమీదే కాపురం ఉంటూ నాకు తెలియదు. పార్కింగ్‌లో లోకేష్ చెప్పాడు, నా ముఖం చూడకుండా.

గ్రూప్‌లో ఒక సిస్టర్ రాసింది, దేవుడు ఊరికే ఏదీ జరగనివ్వడు అని. ఇంకొకావిడ వాయిస్ మెసేజ్: ఆ వినాయకచవితి సంగతి మనందరికీ తెలిసిందేగా అంటూ. దాని కింద ఆమెన్లు. అందరికీ తెలిసేలా చేసింది నేను. వంట మధ్యలో స్టవ్ ఆపేసి నిలబడిపోయాను.

అక్టోబర్ 4, శనివారం

మిరియాల చారు, అన్నం పట్టుకుని కిందికి వెళ్ళాను. కృష్ణకుమారి గారు కిచెన్‌లోకి తీసుకెళ్ళి, గొంతు తగ్గించి, మీరు బైబిల్ బాగా చదివినవారని అమ్మాయి చెప్తుంది, ఒకటి అడగనా అమ్మా అన్నారు.

ఆ రోజుల్లో హెప్సిబాకి పచ్చి మంచినీళ్ళు కూడా కడుపులో ఇమడలేదట. పండగనాడు ఉడుకుతున్న వాసనకి, ఉండ్రాళ్ళు తినాలనుంది అత్తయ్యా అందట. కోడలి దేవుడికి అడ్డం రాకూడదని, నైవేద్యం పెట్టకముందే ఈవిడే తన భాగం తీసి పక్కన పెట్టారట. నలభై ఏళ్ళుగా పూజ చేస్తున్నాను, స్వామికి చూపించకుండా ఒక్క మెతుకు తీసి ఎరగను, అందుకే ఇలా అయిందంటారా అని అడిగారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు.

కాదండీ అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

హెప్సిబా గదిలోంచి వచ్చి కూర్చుంది. క్షమించమని అడిగాను. కిందికొచ్చి ఏమైందని ఒక్క మాట అడగాల్సింది కదక్కా అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య పధ్నాలుగు మెట్లు.

రేపు బల్లకి రా అన్నాను. అందరూ నా కడుపు వంకే చూస్తారు, రాలేనక్కా అంది.

రొట్టె చేయాలి కాబట్టి చేశాను. ఈసారి పిండి కలుపుతూ ఒక్క ప్రార్థన కూడా రాలేదు.

అక్టోబర్ 5, ఆదివారం, పొద్దున

గ్రూప్‌లో రాశాను. అది నైవేద్యం పెట్టింది కాదు. నేను అడగకుండానే రాశాను. తప్పు నాది, హెప్సిబాది కాదు.

11:30

అందరూ చూశారు. ఒక్క ఆమెన్ లేదు. పాస్టర్ గారు ఫోన్ చేసి, మానుతున్న గాయాన్ని కెలకడం ఎందుకు సిస్టర్, ఆ పిల్లతో నేను విడిగా మాట్లాడతాను అన్నారు. మరి నేను విడిగా రాయలేదు కదా అన్నాను. కాసేపటికి నా మెసేజ్ లేదు. అడ్మిన్ ఆయనే.

సాయంత్రం

రొట్టె పళ్ళెం నా దగ్గరికి వచ్చింది. నేను చేసిన రొట్టే. రెండు చేతులతో పట్టుకున్నాను. ఇంత బరువుంటుందని తెలియదు. పక్కావిడకి అందించాను.

అక్టోబర్ 6

గ్రూప్‌లో ప్రార్థన మనవి వచ్చింది. నా పేరు మీద. మనసు బాగాలేని మన సిస్టర్ కోసం అని. ముప్పై ఒక్క ఆమెన్లు.

ఫోన్ చేసి అడిగినవాళ్ళు లేరు.

సాయంత్రం 6:20

తలుపు చప్పుడైంది. హెప్సిబా. రెయిలింగ్ పట్టుకుని, ఆయాసపడుతూ నిలబడి ఉంది. ఏమైందక్కా అని అడిగింది.