ఎండుమిర్చి పేజీలో నా తప్పు

మంగళవారం, నల్లగొండ

కస్టమ్స్ నిబంధనలను వ్యాపారులకు తెలుగులో చెప్పే ప్రభుత్వ వెబ్‌సైట్‌కు నేను అనువదించిన పేజీలో తప్పు దొర్లింది. ఎండుమిర్చికి పురుగు లేదన్న సర్టిఫికెట్ సరుకు ఓడ ఎక్కకముందే తీసుకోవాలి. నేను 'ఎక్కిన తర్వాత' అని రాశాను. మూడు వారాలు అది అలాగే ఉండిపోయింది.

పొద్దున రామన్నపేట నుంచి యాదమ్మ అనే ఆమె, పేజీ కింద ఉన్న నా నంబరుకు ఫోన్ చేసింది. మొదటిసారి దుబాయికి మిర్చి పంపుతోంది.

"నువ్వు రాసింది సదివే లారీ తోలిన బిడ్డా. ఓడ ఎక్కినంక గా సర్టిఫికెట్ ఏడ ఇస్తరు?"

పేజీ తెరిచి చూశాను. "అమ్మా, నేనే తప్పు రాసిన. సరుకు ఓడ ఎక్కనియ్యకు, జర లారీని ఆపించు."

"సర్కారోళ్లు పెట్టింది గూడ నమ్మొద్దా?" అంటూ ఆమె ఫోన్ పెట్టేసింది.

వెంటనే పేజీ సరిచేయించి, మా సారుకు నిజం చెప్పాను. సాయంత్రం యాదమ్మే మళ్లీ చేసింది. లారీ ఓడరేవు గేటు బయటే ఆగిందట.

ఆమె అడిగింది కాబట్టి తెలిసింది. అడగకుండా నమ్మి సరుకు ఎక్కించినవాళ్లు ఎందరున్నారో? ఆ పేజీ ఎవరెవరు చదివారో నాకు తెలిసే దారి లేదు. ఎవరికని ఫోన్ చేయను?