నాన్న తరఫున

మన ఊరు, నిడదవోలు దగ్గర
డిసెంబరు 7, ఆదివారం

చనిపోయి రెండేళ్లయిన నాన్నకి నువ్వు మళ్లీ బాప్తిస్మం ఇప్పించబోతున్నావు. అమ్మని అడగలేదు. నన్ను అడగలేదు. ఇది తప్పు. క్షేమ సమాచారాలు ఈసారి లేవు.

నీ మెయిల్ సోమవారం వచ్చింది. ఎప్పటిలాగే రొయ్యల ప్లాంటులో డ్యూటీ దిగి, వాసన పోయేదాకా చేతులకి నిమ్మచెక్క రుద్దుకుని, అమ్మని పీట మీద కూర్చోబెట్టి చదవడం మొదలుపెట్టాను. ఢిల్లీ చలి, నీతో ఉండే మిషనరీ మాడ్చిన అన్నం, క్రిస్మస్ రోజు ఇంటికి వీడియో కాల్ చేస్తావన్న కబురు, అన్నీ విని నవ్వుకుంది. ఆ తర్వాతి పేరా పైకి చదవకుండా కళ్లతోనే చదివాను. నాన్న పేరు మీ మందిరానికి పంపావట. ఇరవై మూడో తారీఖున మీ సంఘంలో నువ్వు అన్న అని పిలిచే ఒకాయన విదేశంలో ఉన్న ఆ మందిరానికి వెళ్లి, నాన్న తరఫున తను నీళ్లలో మునుగుతాడట. ఇది మా ఇద్దరికీ నీ క్రిస్మస్ కానుకట.

"ఆగావేంటే, తర్వాతేం రాశాడు?" అంది అమ్మ.

ఒంట్లో జాగ్రత్తగా ఉండమన్నాడని చెప్పాను. నువ్వు మిషనరీగా ఢిల్లీ వెళ్లిన ఈ పద్నాలుగు నెలలుగా నీ ఉత్తరాలు చదివి వినిపిస్తున్నాను, ఒక్క ముక్క మార్చలేదు. మొదటిసారి అబద్ధం చదివాను. అదీ నీ పుణ్యమే.

పసిబిడ్డగా ఉన్నప్పుడు లూథరన్ గుళ్లో నెత్తిన చల్లిన నీళ్లు నాన్నకి అరవై ఏళ్లు సరిపోయాయి. కాలువ లస్కరుగా వారమంతా లాకుల దగ్గర తలుపులు ఎత్తుతూ దించుతూ తడిసిన మనిషి, ఆదివారం తెల్లచొక్కా వేసుకుని వెళ్లి కానుకల సంచి పట్టేవాడు. పోయినవాళ్ల పేరున కూడా బాప్తిస్మం ఇప్పించే ఈ మార్మన్ల సంఘంలో నువ్వు చేరతానన్నప్పుడు నీతో మాట మానేశాడు. బతికుండగా ఒప్పుకోని మనిషి చచ్చాక కాదనలేడు కదా అని ధైర్యం వచ్చిందా నీకు?

ఒక్కటి గుర్తు చేసుకో. నువ్వు ఆ సంఘంలో చేరినప్పుడు చుట్టాలందరూ మొహం తిప్పుకుంటే, నీ పక్కన నిలబడింది నేనే. వాడి నమ్మకం వాడిది, మీకేంటి అన్నాను. అదే మాట నాన్నకి ఎందుకు చెల్లదు?

ఎవర్ని అడిగి పంపావో రాయి. బైబిలు వచనాలు పెట్టకు, అవి నాకూ వచ్చు. పదో తరగతితో బడి మానేశాను గానీ చదవడం మానలేదు.

రూబీ

*

ఢిల్లీ
డిసెంబరు 8, సోమవారం

ప్రియమైన అక్కకి, కోపంగా ఉన్న అక్కకి కూడా వందనాలు.

మాకు మెయిల్ చూసుకునే రోజు సోమవారమే. పొద్దున్నే నీ ఉత్తరం చూశాను. నాలుగుసార్లు చదివాను.

అడిగావు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను. ఈమధ్యకాలంలో పోయినవాళ్ల పేరు పంపాలంటే వాళ్ల దగ్గరి మనిషి ఒప్పుకోవాలి. ఫోన్లో నాన్న పేరు నింపుతుంటే ఆ ప్రశ్న వచ్చింది. నేను కొడుకుని. పెట్టె ముందు నడిచింది నేను, మొదటి పిడికెడు మట్టి వేసింది నేను. ఆ రోజు పాస్టరుగారు నా భుజం మీద చెయ్యి వేసి, ఇక ఇంటికి పెద్దవాడివి నువ్వే నాయనా అన్నారు. అందుకే వేరే ఎవర్నయినా అడగాలని తట్టనే లేదు. ఆ దగ్గరి మనిషిని నేనే అని నొక్కేశాను.

నీ ఉత్తరం చదివాక రూలు తీసి మళ్లీ చూశాను. భార్య ఉంటే ముందు భార్యని అడగాలి. మా సంఘం వాళ్లు స్పష్టంగానే రాశారు. నేనే చదవలేదు.

కానీ అక్కా, ఇది బలవంతం కాదు. పోయినవాళ్లుండే ఆ లోకంలో నాన్న ఒప్పుకుంటేనే అది చెల్లుతుంది, వద్దనుకుంటే వద్దనే. మేము నమ్మేది అదే. రోజూ ఎవరో ఒకరి పక్కన కూర్చుని, చావు కూడా కుటుంబాన్ని విడదీయలేదని చెప్తాను. చెప్పి గదికొచ్చాక, మా నాన్న నాతో మాట్లాడకుండానే పోయాడని గుర్తొస్తుంది. ఇక్కడ దుకాణాల ముందు కాగితం నక్షత్రాలు కట్టారు. వాటిని చూడకుండా రోడ్డు అవతలి పక్కన నడుస్తున్నాను. ఇదొక్కటి చేస్తే ఎప్పుడో ఒకప్పుడు నాన్న నాతో మాట్లాడతాడని అనుకున్నాను. ఇంకేం లేదు.

అమ్మకి మాత్రం చెప్పకు. ఆవిడ వద్దంటే నేను తట్టుకోలేను.

నీ తమ్ముడు
సుకుమార్

*

మన ఊరు
డిసెంబరు 14, ఆదివారం

తమ్ముడూ,

అమ్మకి చెప్పొద్దన్నావు. చెప్పేశాను. నీ రెండు మెయిళ్లూ, నేను మింగేసిన పేరాతో సహా, అక్షరం వదలకుండా చదివాను. దాచిపెట్టి నేనూ నీ పనే చేశాను. ఆవిడకి ఏది తెలియాలో ఏది తెలియకూడదో వారం రోజుల పాటు నేనే తేల్చేశాను. అందుకు క్షమాపణ చెప్పుకున్నాను. నువ్వింకా చెప్పలేదు.

పండక్కి జంతికలు వత్తుతోంది. గొట్టం పక్కన పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఆ రూలులో ముందు భార్య అని ఉందా?"

ఉందన్నాను.

"నయం. అక్కడైనా ఉంది."

తర్వాత చెప్పింది. కూర్చుని చదువు.

రెండేళ్ల కిందట నీ బాప్తిస్మం రోజున నాన్న పెన్షన్ కాగితాలని చెప్పి రాజమండ్రి బస్సెక్కాడు. ఆయన వెళ్లింది ఏ ఆఫీసుకీ కాదు. మీ సంఘం హాలుకి. వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. నువ్వు తెల్లబట్టల్లో నీళ్లలోంచి లేవడం చూశాడు. ఎవరూ పలకరించేలోపే బయటికొచ్చి మళ్లీ బస్సెక్కాడు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ అమ్మతో అన్నాడట.

"పైకి లేచి నవ్వాడే. వాడికి అది నిజమే. నాకు నాది నిజం. పండక్కి వచ్చినప్పుడు నేనే చెప్తాను, నువ్వు ముందే నోరు జారకు."

ఆ క్రిస్మస్‌కి పదిరోజుల ముందు ఆయన గుండె ఆగిపోయింది.

అమ్మ మాటిచ్చింది కాబట్టి తనంతట తను చెప్పలేదు. నాన్న నా గురించి ఏమన్నాడమ్మా అని నువ్వు ఒక్కసారి అడిగితే చెప్పేద్దామని కూర్చుంది. నువ్వు అడగలేదు. నేనూ అడగలేదు. ఆయన మనసు తెలిసిన మనిషి ఈ ఇంట్లో ఒక్కత్తే. ఆవిణ్ణి వదిలేసి నువ్వు ఎక్కడో సముద్రాల అవతల నుంచి నాన్నతో మాట్లాడాలని చూశావు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతోంది సుకుమార్. నీ మీదే కాదు. నీ భుజం మీద చెయ్యి వేసిన ఆ పాస్టరుగారి మీద, పక్కనే నిలబడి అది విని ఊరుకున్న నా మీద. నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి ఎదురుగా ఉంటే, ఇరవై ఏళ్ల కుర్రాణ్ణి పట్టుకుని ఇంటికి పెద్ద అన్నారు.

అయితే వాడికి వద్దని రాసెయ్యనా అన్నాను అమ్మతో.

"నువ్వు రాయడమేంటి? నన్ను అడగమను. నా నోటితో నేను చెప్తాను."

ఏం చెప్తావమ్మా అన్నాను. గొట్టం మళ్లీ చేతిలోకి తీసుకుంది.

కాబట్టి విను. ఆ అన్న నీళ్లలోకి దిగకముందే నాన్న పేరు వెనక్కి తీసుకో. క్రిస్మస్ రోజు కాల్ చేసినప్పుడు నాతో కాదు, ముందు అమ్మతో మాట్లాడు. తప్పు చేశానని చెప్పు, అప్పుడు అడుగు. ఆవిడ సరేనంటే ఇక ఈ విషయంలో నేను నోరెత్తను. వద్దంటే నువ్వు ఎత్తకు. పేరు వెనక్కి తీసుకున్నానన్న జవాబు ఇరవై రెండో తారీఖు సోమవారం సాయంత్రం, నేను ఐదింటికి ప్లాంటు గేటు దాటి ఫోన్ చేతిలోకి తీసుకునేసరికి వచ్చి ఉండాలి.

అక్క
రూబీ