పదకొండు నిమిషాలు

దొడ్డబళ్ళాపురం
మంగళవారం

అశోకా,

నీకూ అంబికకూ చైత్రకూ చౌడమ్మ తల్లి చల్లని చూపు ఉండాలి.

నిన్న ఫోనులో నువ్వు అడిగినదానికి "చూస్తాలే" అన్నాను. రానని చెప్పడానికి నోరు రాలేదు, అందుకే అలా అన్నాను. ఫోనులో అయితే నువ్వు నవ్వి మాట మార్చేస్తావు, కాగితం దగ్గర ఆ పని చెయ్యలేవు. మీ బావ రేపు చీరల మూట తీసుకుని బెంగళూరు చిక్కపేటకు వస్తున్నాడు. ఈ కవరు మీ ఇంట్లో ఇచ్చిపోతాడు.

నువ్వు అడిగింది చిన్న సంగతే. శుక్రవారం నీకు మోకాలి ఆపరేషన్. ఆదివారం చైత్రకు బాస్కెట్‌బాల్ ఫైనల్. అంబిక ఆసుపత్రిలో నీ దగ్గరే ఉండాలి. "పిల్ల కోసం గ్యాలరీలో మనోళ్ళు ఒక్కరన్నా కూసోవాల గదక్కా" అన్నావు. నిజమే. కానీ నేను రాకూడదు. ఎందుకో ఇరవై రెండేళ్ళుగా నీకు చెప్పలేదు.

పోయినసారి మీ ఇంటికి వచ్చినప్పుడు నువ్వు వంటింట్లో అంబికతో అన్న మాట నా చెవిన పడింది. "నేను మగ్గం వదిలేసి పోతినని అక్కకు ఇంకా మనసులో ఉండాది. అందుకే నా ఆట చూసేకి రాదు." నేను పక్క గదిలో దీపానికి ఒత్తులు చేసుకుంటున్నాను. ఒత్తి వేళ్ళ మధ్యే నలిగిపోయింది.

నువ్వు మగ్గం వదిలినందుకు సంతోషపడిన మొదటి మనిషిని నేను. నీకు పద్నాలుగేళ్ళప్పుడు, మగ్గం నెత్తిన ఉండే జకార్డు అట్టల దారం తెగితే మేమంతా స్టూలు ఎక్కేవాళ్ళం, నువ్వు నేల మీద నిలబడే ముడి వేసేవాడివి. కూతురి పెళ్ళికి చీర చూడటానికి వచ్చిన మీ స్కూలు డ్రిల్లు మాస్టరు కృష్ణప్ప, చీర పక్కనపెట్టి నిన్ను చూశాడు.

"రామాంజినప్పా, ఈ పిల్లోన్ని నాకిచ్చేయప్పా. బాల్ ఆడిస్తా."

"ఇప్పుడే వీని సొక్కాయికి మూడు మీటర్లు పడతాండాది సార్. బాలాడితే ఇంకా పొడుగైతాడేమో" అన్నాడు నాన్న.

"గుడ్డ నేసేది మీరే గదప్పా, ఇంకేం బాధ?"

నాన్న నవ్వాడు. నాన్న నవ్వితే ఒప్పుకున్నట్టే.

నీకు ఇరవై రెండేళ్ళప్పుడు బ్యాంకు జట్టుకు మనుషులను ఎంచుకునే ఆట వచ్చింది. "అక్కా, ఈ ఒక్కటీ చూడు" అన్నావు. ఆ రోజు ఆరు మగ్గాలూ ఆపించి, చిత్రాన్నం డబ్బా పట్టుకుని బెంగళూరు బస్సెక్కాను. నిన్ను ఆటలో చూడటం అదే మొదలు. మన ఇంట్లో వాకిలి దాటాలంటే తల వంచేవాడివి. పీట మీద కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. మన ఇంట్లో నువ్వు పట్టని మనిషివి. ఆ స్టేడియంలో, అంత పెద్ద కప్పు కింద, నువ్వు సరిగ్గా సరిపోయావు. ఎంత బాగున్నాడు నా బిడ్డ అనుకున్నాను. తమ్ముడని కాదు, బిడ్డనే అనుకున్నాను. రెప్ప వెయ్యలేదు. అప్పుడే నువ్వు ఎగిరావు, దిగావు, కుడి మోకాలు పట్టుకుని పడిపోయావు. ఆట మొదలై పదకొండు నిమిషాలైంది.

మూడో రోజు కట్టుతో ఇంటికి వచ్చావు. అమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ నీకు దిగదుడిచి నిప్పుల్లో వేసింది. గుప్పెడు మిరపకాయలు కాలినా ఘాటు రాలేదు. ఒక్కరికీ దగ్గు రాలేదు. "ఎవురిదో శానా గట్టి దిష్టి" అంది అమ్మ. తల్లి కన్నే బిడ్డకు ముందు తగులుతుందని ఆమె నమ్మకం. నిన్ను చంకనేసుకుని పెంచింది నేను. ఆ కన్ను ఎవరిదో నాకు తెలిసిపోయింది. ఎవరితోనూ అనలేదు.

ఏడాదికి నువ్వు మళ్ళీ లేచావు. బ్యాంకులో చేరావు, రాష్ట్ర జట్టుకు కెప్టెన్ అయ్యావు, థాయ్‌లాండ్ వాళ్ళు జీతమిచ్చి రెండు సీజన్లు ఆడించుకున్నారు. ముప్పై అయిదుకు ఆపేసి హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో పిల్లలకు నేర్పుతున్నావు. ఇదంతా నేను విన్నదే. టీవీలో నీ ఆట వస్తే నేను దీపం ముందు గోడవైపు తిరిగి కూర్చునేదాన్ని. మీ బావ హాల్లోంచి స్కోరు అరిచేవాడు. నీ ఆట నేను చూసింది ఆ పదకొండు నిమిషాలే.

శుక్రవారం మార్చబోయేది ఆ మోకాలే. చైత్ర కాళ్ళ మీద కూడా నా కన్ను పడనియ్యకు.

నీ అక్క
సుబ్బలక్ష్మమ్మ


దొడ్డబళ్ళాపురం
గురువారం

అశోకా,

నీ జవాబు చేరింది. నువ్వు కవరు అంటించలేదు, అందుకని మీ బావ బస్సులోనే చదివేశాడట.

ఆ మోకాలు ఆటలో పోలేదని రాశావు. తొమ్మిది రోజుల ముందే ప్రాక్టీసులో లోపల తెగిందట. స్కాన్ తీసి డాక్టరు ఆడొద్దన్నాడట. నువ్వు కోచ్‌కు చెప్పకుండా నొప్పికి సూది వేయించుకుని దిగావట. "ఆరు మగ్గాలు నిలిపేసి వస్తాండావని బావ చెప్పె. బెంచీ మీద కూసోని నీకు మొగం ఎట్ల చూపిచ్చేది అక్కా" అని రాశావు. ఆ తర్వాత ప్రతి ఆటకూ నా పేరున ఒక టికెట్ పక్కన పెట్టేవాడినని కూడా రాశావు. ఆ మాట దాటి ముందుకు చదవడానికి చాలాసేపు పట్టింది.

నమ్మాలని ఉంది. కానీ నువ్వు నా కోసం అబద్ధం చెప్పగలవు. అమ్మ ఆఖరి రోజుల్లో ఆసుపత్రి నుంచి "బాగుండాది అక్కా, ఒక ఇడ్లీ తినె" అన్నావు. ఆ రోజు అమ్మ కళ్ళే తెరవలేదని తర్వాత తెలిసింది.

మీ బావకు ఒకటే నవ్వు. "ఆ యేడు మిరపకాయలు వానకు తడిసినవే. నీ పప్పులోనే కారం లేకపోయె, నిప్పుల్లో యాడ్నుంచి వస్తాది?" ఇరవై రెండేళ్ళు పట్టుకున్నదాన్ని పప్పు మాటతో వదలలేను.

ఆ స్కాన్ కాగితం ఉంటే పంపు. లేకపోయినా ఆదివారం వస్తాను. పిల్ల ఒంటరిగా ఉండకూడదు. వచ్చి కళ్ళు మూసుకుని కూర్చుంటాను. దానికి మాత్రం అడ్డు చెప్పకు. రేపు నీకు మత్తు ఇచ్చే వేళకు దీపం ముందు ఉంటాను.

అక్క


హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్, మీ ఇల్లు
ఆదివారం సాయంత్రం

అశోకా,

పొద్దున నువ్వు నాలుగడుగులు వేశావని అంబిక చెప్పింది. చౌడమ్మ తల్లికి దండం పెట్టుకున్నాను. రేపు చైత్ర ఈ ఉత్తరం నీ మంచం దగ్గరికి తెస్తుంది.

సగం ఆట నేను విన్నదే. బాలు చప్పుడు, బూట్లు నేల మీద కీచుమనడం, పిల్లల కేకలు. పక్కనున్న ఆమె నన్ను తట్టింది.

"ఏమక్కా, ఒంట్లో బాగలేదా?"

"ప్రార్థన చేసుకుంటాండాను."

"ఏ టీముకు?"

కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాను.

మధ్యలో ఆట ఆపినప్పుడు చైత్ర గ్యాలరీలోకి పరిగెత్తుకొచ్చింది. చేతిలో కవరు. "అత్తా, నాన్న నిన్న ఆస్పత్రి ఫైల్లోంచి తీసిచ్చె. మ్యాచ్‌కు ముందే ఇయ్యమన్యాడు. బ్యాగులో పెట్టి మరిచిపోయినా. నాన్నకు చెప్పొద్దు, ప్లీజ్." చెప్పొద్దంది, చెప్పేశాను.

పసుపెక్కిన కాగితం. నీ పేరు, వయసు ఇరవై రెండు, కుడి మోకాలు. తేదీ ఆగస్టు పద్నాలుగు. ఆట ఎప్పుడో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రతి ఆగస్టు ఇరవై మూడున నేను ఉపవాసం ఉంటాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. పద్నాలుగే.

ముందు నీ మీద కోపం వచ్చింది, తర్వాత నా మీద. అంతలో విజిల్ వేశారు. తల ఎత్తాను.

నీ బిడ్డకు నీ పొడుగు రాలేదు. అంబిక పొడుగే. కానీ పెద్ద పిల్లల చేతుల కింద నుంచి మగ్గంలో దారాల మధ్య నాడె పోయినట్టు దూరిపోతుంది. బాలు వేసే ముందు నాలుక కొసన కొరుక్కుంటుంది. నువ్వూ అంతే. ఆ పదకొండు నిమిషాల్లో చూశాను.

ఆట ముగియబోతుండగా ఒక పిల్ల తోసింది. చైత్ర పడింది, మోకాలి మీదే. నా కళ్ళు మూతపడబోయాయి. ముందు సీటు పట్టుకుని చూస్తూనే ఉన్నాను. పిల్ల కాసేపు అలాగే కూర్చుంది. బూటు లేసు కట్టుకుంది. లేచింది. రెఫరీ ఏమీ అనలేదు. రెండు పాయింట్లతో ఓడిపోయాం.

బయట మెట్ల మీద చిత్రాన్నం డబ్బా తెరిచాను. పిల్ల ముట్టుకోలేదు.

"అత్తా, నువ్వు చూస్తివి కదా? అది ఫౌలే కదా?"

ఈ మాట నన్ను అడిగే అవకాశం నేను నీకు ఎప్పుడూ ఇవ్వలేదు.

"చూసినానమ్మా. ఫౌలే."

"నాన్నకు చెప్తావా?"

"రాసిస్తా."

అప్పుడు తిన్నది. నా వంతు కూడా.

మాట ఇచ్చాను గనుక రాసిస్తున్నాను. ఆట ఇంకా మూడు నిమిషాలు ఉందనగా, పసుపు బనియన్ ఏడో నంబరు పిల్ల చైత్రను ఎడమ భుజంతో తోసింది. నేను నా కళ్ళతో చూశాను.

ఈసారన్నా డాక్టరు చెప్పింది విను. నువ్వు నడిచి ఇంటికి వచ్చేదాకా నేను ఇక్కడే ఉంటాను, మగ్గాల సంగతి మీ బావ చూసుకుంటాడు. నీ పాత ఆటలన్నీ అంబిక పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి పెట్టిందట. రోజుకొకటి టీవీలో పెట్టమని చైత్రతో చెప్పాను. పదకొండు నిమిషాలు చూసేశాను కదా, పన్నెండో నిమిషం నుంచి చూస్తాను.

నీ అక్క
సుబ్బలక్ష్మమ్మ