తుఫాను రాని రోజు

మార్గిట్ గారికి నమస్కారం.

ప్రిన్సిపల్ గారు ఆపరేషన్ చేయించుకుని సెలవులో ఉన్నారు. ఒకప్పటి మీ కుర్చీలో ఇప్పుడు వైస్ ప్రిన్సిపల్‌నైన నేను కూర్చుంటున్నాను.

నిన్న మధ్యాహ్నం మంచు తుఫాను హెచ్చరిక వచ్చింది. డ్రైవర్ ఆర్విల్, "మీరు వెళ్ళమంటే వెళ్తాను మేడమ్. నది వంతెన మీద మాత్రం దారి కనబడదు" అన్నాడు. బస్సు ఆపేశాను. ఇరవై రెండు మంది పిల్లల్ని లైబ్రరీలో కూర్చోబెట్టి, తీసుకెళ్ళమని ఇళ్ళకు ఫోన్లు చేశాను.

తుఫాను రాలేదు. ఆవుల పని వదిలేసి తన పిల్లల కోసం నలభై మైళ్ళు వచ్చిన హాల్వర్సన్ అందరి ముందూ, "ఏదమ్మా నీ తుఫాను? జేబులో దాచుకున్నావా?" అన్నాడు. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వబోయి, వెళ్తున్న పిల్లల పేర్లు జాబితాలో కొట్టేయడం మొదలుపెట్టాను.

రేపటికి మళ్ళీ అదే హెచ్చరిక. మళ్ళీ ఆపితే ఇక నా మాట ఎవరూ వినరేమో. పంపితే ఆ వంతెన ఉంది.

మీరు బస్సు ఆపి పిల్లల్ని కాపాడిన రోజు గురించి ఊరంతా ఇప్పటికీ చెప్పుకుంటుంది. మీరు ఆపినా తుఫాను రాని రోజులు ఎన్ని? వాటి గురించి ఎవరూ చెప్పరు. మీకు గుర్తుండే ఉంటాయి. మీ పక్కింట్లోనే ఉంటాడు కదా అని ఈ ఉత్తరం ఆర్విల్ చేతికిస్తున్నాను. ఆ అంకె ఒక్కటి రాసి పంపండి, చాలు.

మీ దగ్గర పని నేర్చుకున్న మనిషి