నెత్తురు లేని కాపీ

మోరిస్‌విల్,
మంగళవారం

భవితా,

మీ కంపెనీ వీడియో గేములో కూరగాయలమ్మే ముసలామెకు నా ముఖం, నా కళ్ళజోడు పెట్టి, రెండో నిమిషంలోనే దొంగల చేత కాల్పించావని పోయిన నెల ఫోన్‌లో కోప్పడ్డాను.

"అబ్బా అమ్మమ్మా, స్ట్రిక్ట్ దేశాలకి వయొలెన్స్ కట్ చేసిన వెర్షన్ ఉందిలే, పంపిస్తా" అన్నావు.

అది నిన్న అందింది. మీ అమ్మ ఆఫీసుకు వెళ్ళాక నాలుగుసార్లు ఆడి చూశాను. నెత్తురు లేదు. నేనూ లేను. కూరగాయల బండి మాత్రం ఉంది. సామాన్యులను చంపినట్టు చూపకూడదన్నది ఆ దేశాల నియమం కాబట్టి మనిషినే తీసేశారు. తప్పు పట్టను.

ఈ డిస్కు తిరిగి పంపుతున్నాను. నాకు పాతదే ఉండనీ. అందులో దొంగలు కాల్చేముందు ఒక అమ్మాయి నీ గొంతుతో "అమ్మమ్మా, పక్కకు రా!" అని అరుస్తుంది. ఆ ఫోన్ తర్వాత ఈ ముప్పై మూడు రోజుల్లో నువ్వు నన్ను పిలవడం అక్కడే విన్నాను.

అమ్మమ్మ