హరి వంతెనకు రంపం పెట్టాను

బుడ్డోడా,

నెత్తి నెరిసినా నువ్వు నాకు బుడ్డోడివే, కోప్పడకు. అక్క రాజమ్మ ఆశీర్వదించి రాసేది. నువ్వూ, పద్మా, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను. నిజంగానే బాగున్నాను, బెంగ పెట్టుకోకు.

కుప్పం వచ్చి నాలుగో నెల. ఆసుపత్రిలో నన్ను పిల్లల వార్డుకే ఆయాగా వేశారు. పొద్దున్నే మంచు, స్వెట్టరు లేకుండా బయటికి రాలేము. మెస్సులో మూడు పూటలా అన్నమే, రాగి సంగటి అడిగితే వంటామె నవ్వుతుంది. ఒకరు అరవం, ఒకరు కన్నడం మాట్లాడతారు, నాకు సగమే అర్థమవుతుంది. మొదట్లో రైలు కూత వినిపిస్తే చెవులు మూసుకునేదాన్ని. మన పుంగనూరుకు రైలెందుకు లేదని నా హరి చిన్నప్పుడు ఏడిస్తే, నువ్వు వాణ్ణి మదనపల్లె రోడ్డు స్టేషనుకు తీసుకుపోయి చూపించావే, అది గుర్తొచ్చేది. వాడు పోయి రెండేళ్లు కావస్తున్నా, వాడే పిలిచినట్టు ఉండేది. ఇప్పుడు కొంచెం నయం.

ఒక సంగతి చెప్పాలి. ఫోనులో చెప్పేది కాదని రాస్తున్నాను.

వార్డుకు ఎవరో కొత్త బొమ్మ రైలు ఇచ్చారు. పట్టాలు, ఇంజను, నాలుగు పెట్టెలు, అంతే. స్టేషను లేదు, వంతెన లేదు. నువ్వు హరికి చెక్కతో చేసిచ్చినవి నా ట్రంకులో ఉన్నాయి కదా, తీసి పెట్టాను. ఒక్కటీ కుదరలేదు. వాడి పాత పట్టాలు నేలకు అతుక్కున్నట్టు ఉండేవి. ఈ కొత్తవాటి కింద కంకర పోసినట్టు ప్లాస్టిక్ గట్టు ఉంది. రైలు వేలి మందం ఎత్తు లేచింది, మన ప్లాట్‌ఫారం పల్లంలో పడింది.

కరెంటు పని చూసే దేవయ్యన్న దగ్గర పాత పెండ్లి కార్డులు అడిగి, కత్తిరించి, ఒకదాని మీద ఒకటి మైదా బంకతో అతికించి కింద పెట్టాను. ఆయన చూసి, "ఏమ్మా రాజమ్మా, రైలుకు పెండ్లి చేస్తాండావా?" అన్నాడు.

"పెండ్లికొడుకు ఇంజనే గదన్నా. కూతేసుకుంటా వస్తాండాడు సూడు" అన్నాను. చాలా రోజుల తర్వాత నాకు నవ్వు వచ్చింది.

వంతెన మాత్రం కార్డులతో తేలలేదు. రెండు పక్కల గోడల మధ్య ఆ గట్టు దూరదు. లోపలి చెక్క కోయాలి. లోపలే కదా హరి పెన్సిలుతో 'హరి, మామ కట్టినాము' అని వంకర అక్షరాలు రాసింది. నేను బయలుదేరేటప్పుడు నువ్వు ట్రంకుకు తాడు కడుతూ, "అక్కా, వాటికి రంపం తగలనీయద్దు" అన్నావు. సరే అన్నాను. అందుకే నాలుగు రోజులు దాన్ని పక్కన పెట్టాను.

కాలికి కట్టు వేసిన రామకుప్పం పాప ఒకటి ఉంది. "ఆయమ్మా, ఆ వంతెన యాల పక్కన పెట్టినావు?" అంది.

"అది మా కొడుకుది, పాపా."

"ఆయన ఆడుకోడా?"

"ఆడుకోడు."

"అట్లయితే మాకియ్యి."

ఆ మధ్యాహ్నమే దేవయ్యన్నను రంపపు బ్లేడు అడిగాను. ఆయన కోస్తానన్నాడు, నేనే కోశాను. రాత ఉన్న చెక్కను పలుచగా, ఒకే ముక్కగా తీశాను. బ్లేడు జారి చివరి అక్షరం కొంచెం తెగింది. రైలు వంతెన దాటింది. పాప మళ్లీ, మళ్లీ అని చప్పట్లు కొట్టింది. నేను బాత్రూములోకి పోయి ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చి మళ్లీ నడిపించాను.

ఆ ముక్కను గుడ్డలో చుట్టి ఈ కవరులోనే పెట్టాను. మాట తప్పాను, తిట్టాలనుంటే తిట్టు. కానీ దాన్ని నీ దగ్గరే ఉంచుకో.

రోడ్డు లైను దాటే చోట పెట్టే రైలు గేటు మాత్రం నా చేత కాలేదు. సెంటీమీటర్లు నాకు తెలియవు కదా, దారానికి రెండు ముడులు వేసి పంపుతున్నాను. చివరి నుంచి మొదటి ముడి దాకా గట్టు ఎత్తు, అదే చివరి నుంచి రెండో ముడి దాకా వెడల్పు. హరి పోయినప్పటి నుంచి నువ్వు పనిముట్ల పెట్టె తెరవలేదని, కంచంలో సగం వదిలేస్తున్నావని పద్మ చెప్పింది. ఈ ఒక్క గేటు చేసి పంపు నాయనా. తొందరేమీ లేదు, పిల్లలు ఆగుతారు.

పెద్దమ్మ కాళ్లకు నా దండం పెట్టు, నన్ను దీవించమను. పద్మకు, పిల్లలకు నా ముద్దులు.

ఇట్లు, నిన్ను చంకనెత్తుకుని తిప్పిన అక్క,
రాజమ్మ.

వేళకు కడుపునిండా తిను అబ్బా.