మగ్గం గుంట మీద తివాచీ

రాజోలి

అక్కా,

నువ్వు పంపిన పరదాలు అందాయి. మగ్గం గదిలో కట్టాము. నాన్న కాళ్లు దించుకొని నేసిన గుంట పూడ్చి, తివాచీ పరిచి, సోఫా వేసి, టీవీ పెట్టాము. నేను మగ్గం అమ్మినప్పటి నుంచి నాన్న నాతో మాట్లాడడం లేదని నీకు తెలుసు. నీ మరదలితో మాత్రం, "కాళ్లు కిందికి దించకుంటే కూసున్నట్టే ఉండదు బిడ్డా" అన్నాడట. గుంట మళ్లీ తవ్వించాను.

ఇప్పుడు నాన్న, నీ మరదలు, పిల్లలు ఆ గుంట అంచున కూర్చొని, కాళ్లు లోపలికి వేలాడేసి టీవీ చూస్తున్నారు. సోఫాలో నేనొక్కణ్ణే. నిన్న నాన్న వెనక్కి తిరగకుండానే, "జర జరుగుండ్రి, వాని కాళ్లకు గూడ జాగ గావాలె" అన్నాడు.

సోఫా మీ ఇంటికి పంపిస్తున్నాను. బాగానే ఉంది, పెద్దగా వాడలేదు.

నీ తమ్ముడు